18 ఏళ్లకే 73 మ్యాచ్‌లు ఆడిన పెడ్రి: "ఇక చాలు" అనాల్సింది ఎవరు?

మల్కాజ్‌గిరి_నాన్న
మావాడికి మొన్నే 14 నిండాయి. ఫుట్‌బాల్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాడు, గదిలో బార్సిలోనా, స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెడ్రి పోస్టరు. స్కూలు టీము, సాయంత్రం అకాడమీ, ఆదివారం లీగు, ఇప్పుడు జిల్లా సెలక్షన్లు కూడా మొదలయ్యాయి. నెల రోజులుగా పొద్దున మంచం దిగగానే నాలుగడుగులు కుంటుతున్నాడు. మడమ నొప్పట. కాస్త నడిచాక సర్దుకుంటుంది కాబట్టి పర్వాలేదంటాడు. ఈ వారం ఆపరా అంటే "పెడ్రి 18 ఏళ్లకే ఒక్క ఏడాదిలో 73 మ్యాచ్‌లు ఆడాడు నాన్నా" అని నా నోరు మూయించాడు. కోచ్ గారిని అడిగితే "మొక్కై వంగనిది మానై వంగుతుందా అండీ, ఈ వయసులో ఆడకపోతే ఇంకెప్పుడు" అన్నారు. అక్కడ తలూపి వచ్చేశాను గానీ రాత్రంతా నిద్ర లేదు.
పెడ్రి కెరీర్ మొదటి నుంచి చూసినవాళ్లు చెప్పండి. ఆ 73 మ్యాచ్‌లు అతన్ని తయారు చేశాయా, దెబ్బ తీశాయా?

నిద్రమానిన_కులే
అతని మొదటి పెద్ద క్లబ్ లాస్ పాల్మాస్ రోజుల నుంచీ చూస్తున్నాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.
పెడ్రిది స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లోని టెనెరిఫే. తెగెస్తే అనే చిన్న ఊరు. పుట్టింది 2002 నవంబరు 25. ఊళ్లో బార్సిలోనా అభిమాన సంఘం పెట్టింది వాళ్ల తాత. నాన్న నడిపే భోజనశాలే ఆ సంఘానికి అడ్డా. అంటే ఊహ తెలిసినప్పటి నుంచి అన్నంతో పాటు బార్సా కబుర్లే తిన్నాడన్నమాట. 2018లో లాస్ పాల్మాస్ తీసుకుంది. 2019 ఆగస్టులో స్పెయిన్ రెండో డివిజన్‌లో మొదటి మ్యాచ్, అప్పటికి పదహారేళ్లు. సెప్టెంబరు 19న స్పోర్టింగ్ హిహోన్ మీద గోల్ కొట్టి ఆ క్లబ్‌లో అందరికంటే చిన్న వయసులో గోల్ చేసినవాడయ్యాడు. అంతకు రెండు వారాల ముందే బార్సిలోనా కొనేసింది. ముందు 50 లక్షల యూరోలు, ఆటను బట్టి తర్వాత ఇంకొంత. కానీ ఆ సీజనంతా అక్కడే ఉంచారు, 36 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. నా లెక్కలో అతని కెరీర్‌లో అందరూ మర్చిపోయే మంచి నిర్ణయం ఇదే.
2020లో బార్సాకి వచ్చాడు. అసలు కథ అక్కడ మొదలు.

తెనాలి_టికీటాకా
ఆ మొదటి సీజన్లో ప్లాస్టిక్ కవరు చేత్తో పట్టుకుని టాక్సీ ఎక్కుతున్న ఫొటో ఎవరికైనా గుర్తుందా? మిగతావాళ్లంతా పెద్ద పెద్ద కార్లలో వెళ్లిపోతుంటే ఈ పిల్లాడు ట్యూషన్ అయిపోయినట్టు టాక్సీ కోసం నిలబడ్డాడు. ఆ రోజే నేను ఫ్యాన్ అయిపోయా.

నెల్లూరు_మాడ్రిడిస్టా
అసలు ఆ పిల్లాడు మా తలుపు తట్టాకే మీ దగ్గరికి వచ్చాడు. 15 ఏళ్లప్పుడు రియల్ మాడ్రిడ్‌లో ట్రయల్‌కి వచ్చాడు. ఆ వారంలో మంచు కురిసి ఒక రోజు ప్రాక్టీసే జరగలేదు. చివరికి స్థాయి సరిపోదని చెప్పి పంపేశారు. ఆ మంచు మీద నాకు ఇప్పటికీ కోపమే.

నిద్రమానిన_కులే
నెల్లూరు అన్నా, ఆ మంచుకి మేం ఏటా కొబ్బరికాయ కొడతాం.
సరే, అసలు విషయం. 73 అనే అంకె కంటే ఆ మ్యాచ్‌ల మధ్య ఎన్ని రోజులున్నాయో చూడండి. 2020 సెప్టెంబరు 27న విల్యరియాల్ మీద లీగ్‌లో మొదటి మ్యాచ్. అక్కడి నుంచి మే దాకా బార్సాకి 52. మిగతావి స్పెయిన్ జట్లకి. 2021 జూన్‌లో యూరో, అంటే ఐరోపా దేశాల కప్పు. ఆరు మ్యాచ్‌లూ మొదటి నుంచే ఆడాడు, అందులో వరసగా మూడు అదనపు సమయం దాకా వెళ్లాయి. స్విట్జర్లాండ్ మ్యాచ్ చివర్లో తప్ప ఎక్కడా బయటికి రాలేదు. జూలై 6న ఇటలీతో సెమీస్. జూలై 22కల్లా జపాన్‌లో ఒలింపిక్స్ మొదటి మ్యాచ్. ఆగస్టు 7న బ్రెజిల్‌తో ఫైనల్, అదీ అదనపు సమయమే, వెండి పతకం. ఆగస్టు 15న స్పెయిన్ లీగ్ లా లీగాలో బార్సా మొదటి మ్యాచ్, అందులోనూ ఉన్నాడు. బడి పిల్లలకి కూడా వేసవి సెలవులు అంతకంటే ఎక్కువుంటాయి.

గోల్‌కొండ_గోలీ
ఏం పోయింది అందులో? ఆ ఏడాదే కదా ప్రపంచం మొత్తానికి పెడ్రి ఎవరో తెలిసింది. యూరోలో ఉత్తమ యువ ఆటగాడు, ఆపైన కుర్రాళ్లకిచ్చే పెద్ద అవార్డులు గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ. బెంచి మీద కూర్చోబెట్టి కాపాడి ఉంటే ఇవన్నీ వచ్చేవా? పరిగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలంటారు గానీ ఫుట్‌బాల్‌లో పాలు పరిగెత్తేవాడికే దొరుకుతాయి.

సిద్దిపేట_సిక్స్
గోలీ, ఆ గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ చేతికి అందేనాటికి అతను ఏం చేస్తున్నాడో కూడా చెప్పు. గాయంతో ఇంట్లో ఉన్నాడు. సెప్టెంబరు 14న బయర్న్ మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసింది. నెలాఖరులో బెన్‌ఫికా మీద దింపితే మళ్లీ అదే. ఇక జనవరి దాకా లేడు. నువ్వు చెప్పిన పాలు అప్పుడే విరిగిపోయాయి.

గోల్‌కొండ_గోలీ
సిక్స్ బ్రో, ఇంగ్లండ్ మిడ్‌ఫీల్డర్ బెల్లింగమ్ సంగతేంటి మరి? 16 ఏళ్లకే బర్మింగ్‌హామ్‌లో ఒక సీజన్‌కి 44 మ్యాచ్‌లు. తర్వాత డార్ట్‌మండ్, తర్వాత మాడ్రిడ్. ఆ వయసులో అతని తొడలకి ఏం కాలేదే.

ఫిజియో_విశాఖ
గోలీ గారు, సిక్స్ గారు, ఇద్దరూ సగం సగం పట్టుకున్నారు. నేను ఈ పనే చేస్తాను కాబట్టి చెబుతున్నా. బెల్లింగమ్ శరీరం వేరు, పెడ్రి శరీరం వేరు. ఒకే బరువు మోసినా ఇద్దరి కండరాలు ఒకేలా అలసిపోవు. అందుకే "ఫలానావాడు ఆడాడు కదా" అనే మాట వినగానే నాకు భయమేస్తుంది. మల్కాజ్‌గిరి గారబ్బాయి అన్నది కూడా అదే మాట.
పెడ్రి కేసులో నన్ను బాధపెట్టేది మొదటి గాయం కాదు, వరస. 2021లో ఎడమ తొడ ముందు భాగం. 2022 ఏప్రిల్లో ఫ్రాంక్‌ఫర్ట్ మ్యాచ్‌లో తొడ వెనక కండరం. 2023 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద కుడి తొడ ముందు భాగం. ఆ ఏడాది ఆగస్టులో మళ్లీ. 2024 మార్చిలో మళ్లీ. చిరిగిన కండరం అతుక్కున్న చోట మునుపటిలా సాగదు, ఆ పక్కనున్న నారల మీద ఒత్తిడి పెరుగుతుంది. పూర్తిగా మానకముందే మైదానంలోకి దిగితే తెలియకుండానే రెండో కాలితో సర్దుకుంటాడు, అప్పుడు అదీ పోతుంది. ఇరవై రెండేళ్లు నిండకముందే ఇన్నిసార్లంటే మామూలు విషయం కాదు.

వరంగల్_వింగర్
పెడ్రితో పాటు బార్సాలో ఆడే గావిని కూడా ఈ లిస్టులో చేర్చండి. 2023 నవంబరులో జార్జియాతో మ్యాచ్. స్పెయిన్ అప్పటికే యూరోకి అర్హత సాధించేసింది, ఆ మ్యాచ్ ఎటు పోయినా యూరోకి వెళ్లడం ఖాయం. అందులో మోకాలి లిగమెంట్ తెగింది. 19 ఏళ్లు.

ఫిజియో_విశాఖ
వింగర్ గారు, దాన్ని నేను చేర్చను. మోకాలి లిగమెంట్ తెగడానికి అలసట ఒక కారణం కావచ్చు, కాకపోవచ్చు. ఒక్క తప్పు అడుగు చాలు. ప్రతి గాయాన్నీ ఎక్కువ మ్యాచ్‌ల ఖాతాలో రాస్తే, నిజంగా ఎక్కువ ఆడించి చేసిన నష్టం కూడా ఎవరూ నమ్మరు.

తెనాలి_టికీటాకా
ఇంతకీ ఆ రోజుల్లో ఎవరూ నోరు విప్పలేదా?

నిద్రమానిన_కులే
విప్పారు. అప్పటి బార్సా కోచ్ కూమనే అన్నాడు, 18 ఏళ్ల పిల్లాణ్ని యూరోకీ ఒలింపిక్స్‌కీ రెండింటికీ తీసుకెళ్లడం మరీ ఎక్కువని. మాట నిజమే. కానీ అంతకు ముందు 52 మ్యాచ్‌లు ఆడించింది ఆయనే కదా. క్లబ్ జాతీయ జట్టుని అంటుంది, జాతీయ జట్టు క్లబ్‌ని అంటుంది. అప్పటి స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే ఏమో ఈ వయసులో ఇలాంటి ఆట ఎవరూ ఆడలేదు, బార్సా దిగ్గజం ఇనియెస్టా కూడా ఆడలేదని మురిసిపోయాడు. అది మెప్పే, కాదనను. కానీ ఇనియెస్టాని 18 ఏళ్లప్పుడు పెద్ద జట్టులో అప్పుడప్పుడు మాత్రమే దింపేవారు, మిగతా ఆటంతా బి జట్టులోనే. ఆ ఓపిక 2020 బార్సాకి లేదు. డబ్బుల్లేవు, జట్టు ముసలిదైపోయింది, ఉన్నవాళ్లలో బంతి కాపాడేవాడు ఈ పిల్లాడొక్కడు.

గోల్‌కొండ_గోలీ
అదే నేననేది. అవసరం ఉంది, ఆడించారు. లేకపోతే ఆ యూరో సెమీస్ మనం చూసేవాళ్లమా?

బంజారాహిల్స్_బెంచి
ఆ సెమీస్ గురించి ఒక్క మాట చెప్పనివ్వండి. మన టైము అర్ధరాత్రి పన్నెండున్నర. కరోనా సెకండ్ వేవ్ అప్పుడప్పుడే తగ్గుతోంది. నాన్న ఆసుపత్రి నుంచి వచ్చి మూడు వారాలు, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు ఆయనకి. ఫుట్‌బాల్ ఎప్పుడూ చూసిన మనిషి కాదు. తోడుగా కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాక అడిగాడు, "ఆ సన్నటి పిల్లాడు బంతి రాకముందే వెనక్కి ఎందుకు చూస్తున్నాడు రా?" అని.
అప్పటిదాకా నేను గమనించలేదు. అప్పట్నుంచి బంతి మానేసి పెడ్రి మెడనే చూశాం. పాస్ వస్తుండగా ఒకసారి కుడి భుజం మీదుగా, మళ్లీ ఎడమ భుజం మీదుగా. బంతి కాలికి తగిలేలోపు ఒళ్లు సగం తిరిగిపోయి ఉండేది. ఇటలీ మిడ్‌ఫీల్డర్లు జోర్జినియో, వెరాటీ ఇద్దరి మధ్య ఎప్పుడూ రెండడుగుల చోటు వెతుక్కునేవాడు. మొదట్లోనే తన జట్టు ఫార్వర్డ్ ఒయార్సబల్‌కి డిఫెన్స్ చీల్చుకుంటూ ఒక పాస్ ఇచ్చాడు, ఒయార్సబల్ సరిగా ఆపుకోలేకపోయాడు గానీ మా నాన్న "అబ్బ" అన్నాడు. తొంభై నిమిషాల్లో ఒక్క పాస్ కూడా తప్పు పోలేదని తర్వాత తెలిసింది. స్పెయిన్ పెనాల్టీల్లో ఓడిపోయింది. నాన్న మాత్రం నిద్ర పట్టిందన్నాడు, నెల తర్వాత మొదటిసారి.

తెనాలి_టికీటాకా
బెంచి బ్రో, ఇలా మధ్యలో ఏడిపిస్తే ఎలా. నాన్నగారు ఎలా ఉన్నారు ఇప్పుడు?

బంజారాహిల్స్_బెంచి
బావున్నారు. ఇప్పుడు నాకంటే ఎక్కువ చూస్తారు. ఆ యూరోలోనే క్రొయేషియా మ్యాచ్‌లో పెడ్రి వెనక్కిచ్చిన బంతి గోల్‌కీపర్ కాలికి చిక్కకుండా సొంత గోల్లోకి పోయింది గదా, అది పెడ్రి పేరు మీద రాయడం అన్యాయమని ఇప్పటికీ వాదిస్తారు.

సిద్దిపేట_సిక్స్
అంకుల్‌కి నా ఓటు. అంత దూరం నుంచి వచ్చే బంతిని ఆపలేకపోతే తప్పు ఇచ్చినవాడిదా?

లాలాగూడ_పెద్దాయన
మా సికింద్రాబాద్ ఫుట్‌బాలర్ తులసీదాస్ బలరాం పేరు మీలో ఎంతమందికి తెలుసో. అమ్ముగూడ కుర్రాడు. అప్పటి భారత జట్టు కోచ్ రహీం సాబ్ కంట్లో పడి మెల్‌బోర్న్ ఒలింపిక్స్, రోమ్ ఒలింపిక్స్, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారం దాకా వెళ్లాడు. 1963లో, 27 ఏళ్లకే ఆట ముగిసింది. ఆ రోజుల్లో ఆటగాడి ఒంటి గురించి పట్టించుకున్న నాథుడెవరు? మా నాన్న ఆయన పేరెత్తినప్పుడల్లా గోల్స్ గురించి కాదు, "ఇంకో ఐదేళ్లు ఆడాల్సినవాడు" అనే అనేవాడు.

వరంగల్_వింగర్
పెద్దాయన గారు, బలరాం గారిది ఊపిరితిత్తుల జబ్బు కదండీ. పెడ్రితో పోలిక కుదరదేమో.

లాలాగూడ_పెద్దాయన
కుదరదు నాయనా, ఒప్పుకుంటాను. జబ్బు వేరు, అలసట వేరు. "ఇంకో ఐదేళ్లు" అనే మాట ఏ ఇంట్లోనూ వినపడకూడదని అన్నాను, అంతే.

వరంగల్_వింగర్
నా మాట చెబుతా. ఎనిమిదేళ్ల కింద యూనివర్సిటీ జట్టుకి ఆడేవాణ్ని. టోర్నమెంటులో నాలుగు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు. మూడో రోజే తొడ వెనక ఏదో లాగినట్టైంది. మేనేజరు ఒక స్ప్రే కొట్టి "ఫైనల్ రోజూ రాదు రా" అన్నాడు. నేనూ దిగాలనే అనుకున్నాను, నన్నెవరూ బలవంతం చేయలేదు. నలభయ్యో నిమిషంలో వెనక నుంచి ఎవరో రాయి విసిరినట్టు అనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. కండరం తెగిన చప్పుడది. కప్పు గెలిచాం. ఫొటోలో నేను లేను, ఆ టైముకి ఆటోలో ఉన్నాను. తర్వాత మళ్లీ ఆ వేగం రాలేదు.
ఆ వయసులో ఆటగాణ్ని అడిగితే ఆడతాననే అంటాడు. పెడ్రిని అడిగినా అంతే. 18 ఏళ్లవాణ్ని "ఒలింపిక్స్‌కి వస్తావా" అని అడిగితే రానంటాడా? అడగడమే తప్పు. మావాడు ఆడతానన్నాడని చెప్పి పెద్దవాళ్లు చేతులు దులుపుకోవడం ఇంకా తప్పు.

గోల్‌కొండ_గోలీ
వింగర్ అన్నా, ఇది చదివాక నా పోస్టులు కాస్త దురుసుగా అనిపిస్తున్నాయి. పెడ్రికి ఆడే అవకాశం ఇవ్వాల్సిందే, ఆ మాట మీదే ఉన్నా. కానీ ఒలింపిక్స్‌కి పంపకుండా ఉండాల్సింది. 52, ఆ పైన యూరో, అక్కడితో ఆపాలి.

నిద్రమానిన_కులే
గోలీ, నేను కూడా అక్కడే గీత గీస్తా. లాస్ పాల్మాస్‌లో 36 మ్యాచ్‌లు అతన్ని తయారు చేశాయి. బార్సాలో మొదటి సీజన్ కూడా చేసింది. ఆ రెండు టోర్నమెంట్లూ కలిపి మింగేశాయి.
మధ్యలో కూడా ఆడినప్పుడల్లా వెలుగే. 2022 ఏప్రిల్ 3, సెవియ్యా మీద. పెనాల్టీ బాక్స్ అంచున బంతి అందింది. కొట్టబోయినట్టు కాలెత్తాడు, ఒకడు జారి పడ్డాడు. మళ్లీ కాలెత్తాడు, ఇంకొకడు జారిపోయాడు. మూడోసారి కొట్టాడు, నేల మీద పాకుతూ మూలకి వెళ్లింది. ఒకటి సున్నాతో గెలిచాం. ఇంట్లో అరిచానని మా ఆవిడ లేచి లైటు వేసింది. పదకొండు రోజుల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ మ్యాచ్‌లో తొడ పట్టుకుని కూర్చున్నాడు. సీజన్ అయిపోయింది.

నెల్లూరు_మాడ్రిడిస్టా
కథ అక్కడే ఆగిపోలేదు కదా, అది కూడా చెప్పు. చెప్పాలంటే మాకు కడుపుమంట. కోచ్‌గా ఫ్లిక్ వచ్చాక 2024-25లో వారానికి రెండు మ్యాచ్‌లు ఆడుతూ కూడా సీజనంతా నిలబడ్డాడు. స్పెయిన్ కప్పు కోపా డెల్ రే ఫైనల్‌లో మా మీదే బాక్స్ బయట నుంచి మొదటి గోల్ కొట్టాడు. అది చూస్తూ నేను అనుకున్నది ఒకటే, మంచు.

ఫిజియో_విశాఖ
ఆ సీజన్ గురించే రాద్దామనుకుంటున్నా. అదేదో మహిమ కాదు. కొత్త ఫిట్‌నెస్ కోచ్ హులియో తూస్ బృందం వచ్చాక బలం పెంచే కసరత్తుల తీరే మారిపోయింది. పెడ్రి కూడా 22 ఏళ్లవాడయ్యాడు, తిండి, నిద్ర గురించి శ్రద్ధ పెరిగింది. బరువు మోసే శక్తి ముందు రావాలి, బరువు తర్వాత. 2021లో వరస తిరగబడింది.
ఇక మల్కాజ్‌గిరి గారూ, మీ అబ్బాయి గురించి. 14 ఏళ్లవాడి మడమ దగ్గర ఎముక ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఆ ఎదిగే చోటుని పిక్క కండరం పరుగెత్తిన ప్రతిసారీ లాగుతుంది. పొద్దున కుంటి, కాసేపటికి సర్దుకోవడం ఆ తరహా నొప్పిలో మామూలే. చూడకుండా నేను తేల్చి చెప్పలేను, ఎముకల డాక్టరుకి ఈ వారమే చూపించండి. భయపడాల్సింది కాకపోవచ్చు, విశ్రాంతితో తగ్గేదే ఎక్కువ. కానీ ఆపకుండా ఆడితే నెలల తరబడి లాగుతుంది.
ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. వారంలో ఆట, ప్రాక్టీసు కలిపి గంటలు పిల్లాడి వయసుని మించకూడదు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి సెలవు. ఏడాదిలో విడతలు విడతలుగా మూడు నెలలు ఆ ఆటకి దూరం. ఆ నెలల్లో ఈత కొట్టినా సైకిల్ తొక్కినా మంచిదే.

మల్కాజ్‌గిరి_నాన్న
ఇప్పుడే కాగితం మీద వేశాను. స్కూలు ఐదు గంటలు, అకాడమీ ఎనిమిది, ఆదివారం రెండు మ్యాచ్‌లతో మూడున్నర. పదహారున్నర. సెలవు రోజు లేదు. ఇన్నాళ్లూ నేనే బండి మీద దింపుతున్నా, ఒక్కసారి కూడా కలిపి చూడలేదు.

డల్లాస్_మావయ్య
మిమ్మల్ని మీరు అనుకోకండి. ఇక్కడ మా మేనకోడలిదీ ఇదే కథ. రెండు క్లబ్బులు, ఒక స్కూలు, ఎవరి షెడ్యూలు వాళ్లది. ఏ కోచ్‌ని అడిగినా తన దగ్గర ఎక్కువేం లేదనే అంటాడు, అది నిజమే కూడా. మొత్తం కలిపి చూసేది ఇంట్లోవాళ్లే. మా అక్క ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది. మూడు చోట్ల గంటలూ అందులో రాయాలి, నిండితే ఆ వారం అంతే. మొదట్లో పిల్ల ఏడ్చింది. ఇప్పుడు తనే రాస్తోంది.

సిద్దిపేట_సిక్స్
కోచ్‌తో ఎలా మాట్లాడాలో కూడా ఎవరైనా చెప్పండి. అక్కడే కదా అందరం తలూపి వచ్చేసేది.

వరంగల్_వింగర్
ఇప్పుడు నేనూ పిల్లలకి నేర్పుతున్నా కాబట్టి చెబుతా. "మావాడికి రెస్ట్ ఇవ్వండి" అంటే వినబుద్ధి కాదు, నిజం. "వారంలో మొత్తం పదహారున్నర గంటలవుతోంది సార్, డాక్టరు ఇంత అన్నారు, మీ దగ్గర ఏ రోజు తగ్గిద్దాం" అని అడగండి. అంకె చూపించాక కాదనే కోచ్ తక్కువ. కాదంటే, ఆ అకాడమీ గురించి ఇంకోసారి ఆలోచించండి.

మల్కాజ్‌గిరి_నాన్న
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. డాక్టరు గారు నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, ఫిజియో గారు చెప్పిందే చెప్పారు. మూడు వారాలు పరుగు లేదు. కోచ్ గారికి కాగితం చూపించాను. కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఆదివారం లీగు మానిపించమని ఆయనే అన్నారు. జిల్లా సెలక్షన్లు ఈసారికి పోయినట్టే. అది చెప్పినప్పుడు మావాడు భోజనం చేయకుండా పడుకున్నాడు. ఆ రాత్రి గడవడం కష్టమైంది.
నిన్న బెంచి గారి పోస్టు, మెడ తిప్పి చూడడం గురించి, చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు డాబా మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను బంతి దొర్లిస్తుంటే, అది వచ్చేలోపు వాళ్ల చెల్లి వెనక ఎన్ని వేళ్లు చూపిస్తోందో చెప్పి పాస్ తిరిగి ఇస్తున్నాడు. పదికి ఆరు కరెక్టు.

బంజారాహిల్స్_బెంచి
నాన్నకి చదివి వినిపించాను. చెల్లిని ఒకే వైపు నిలబడొద్దు, ఎడమ భుజం వెనక్కి కూడా మారుతూ ఉండమన్నారు.